సగం మారిన ఇంటి కంప్యూటరు: లినక్స్ మింట్ 22.2 పై సమీక్ష

ఒంగోలు లాయరుపేటలోని మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన, 2017లో కొన్న కంప్యూటరు ఒకటి ఉంది. ఇంటెల్ ఏడో తరం ఐ3 ప్రాసెసరు, ఒక టెరాబైటు హార్డ్ డిస్కు, మొదట 4 జీబీగా వచ్చి తర్వాత 8 జీబీ చేయించుకున్న ర్యామ్, విండోస్ 10. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పి రిటైరైన నేను, ఇంటి జమాఖర్చులు ఎక్సెల్‌లో రాసుకునే మా ఆవిడ, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, అప్పుడప్పుడు కొత్తపట్నం నుంచి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వచ్చే మా బావమరిది, ఇంతమందికీ అదే దిక్కు. ఆ కంప్యూటరులో 2025 నవంబరులో ఎక్కించిన లినక్స్ మింట్ 22.2 అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అయితే ఎక్కించడానికి ముందు దాదాపు ఆరు వారాలు ఊగిసలాడాను. ఆ ఊగిసలాటకు కారణాలు చెప్పకుండా సరుకు మంచిదనో కాదనో తేల్చేస్తే నాలాంటి స్థితిలో ఉన్నవారికి ఏమీ ఉపయోగపడదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంటే ఆ రోజున కంప్యూటరు ఆగిపోతుందని కాదు. ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, ఎప్పటిలాగే నడుస్తుంది. కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలను పూడ్చే అప్‌డేట్లు రావు. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటరుకు అది చిన్న విషయం కాదు. పోనీ విండోస్ 11కు వెళ్దామంటే, అది టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే భద్రతా చిప్పు), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేరునే తెరవనిచ్చే ఏర్పాటు) వీటితో పాటు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యేవాటినే ఒప్పుకుంటుంది. మాది ఏడో తరం. మైక్రోసాఫ్ట్ వారి తనిఖీ ప్రోగ్రామును నడిపి చూస్తే మిగతావన్నీ సరేనని ప్రాసెసరు దగ్గర మాత్రం పనికిరాదని తేల్చింది. పాసు మార్కులు 35 అయితే 34 దగ్గర ఆగిపోయిన పిల్లవాడి ముఖం నాకు గుర్తొచ్చింది. ఆ పిల్లవాడికైతే మేం ఒక మార్కు కలిపేవాళ్లం.

అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు తీసుకునే ఏర్పాటు ఒకటి ఉంది. దానికి 30 డాలర్లు కట్టవచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి మన సెట్టింగులు వారి దగ్గర బ్యాకప్ అయ్యేలా పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే పొందవచ్చు. నేను రెండో దారిలో నమోదయ్యాను. లాయరుపేటలో ఉంటున్నందుకేమో, వాయిదా దొరుకుతుంటే వదులుకోబుద్ధి కాలేదు. ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో అడిగితే ఆ అబ్బాయి, "సార్, ఆ చెకింగులన్నీ దాటించి పదకొండు ఎక్కించేస్తాం, ఆరు వందలివ్వండి చాలు" అన్నాడు. అలా దాటించే పద్ధతులు ఉన్నమాట నిజమే. కానీ అర్హత లేని కంప్యూటరుకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే మారుతూ, అవి వస్తాయో రావో తెలియని చోటికి మారడం నాకు సబబుగా తోచలేదు. కొత్త కంప్యూటరు కొనడానికి డబ్బు లేక కాదు గానీ, నిక్షేపంగా పనిచేస్తున్న పెట్టెను పాత సామాను బండికి వేయడానికి మనసొప్పలేదు.

మా బావమరిదికి కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నేను లినక్స్ మాట ఎత్తగానే అతను, "ఏంది బావా, చెరువులో ఏరేటరు బాగా తిరుగుతుంటే ఎవడన్నా దాని మోటారు ఇప్పుతాడా?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

జవాబు వెతుక్కోవడానికి నేను చేసిన పని ఒక్కటే. ఒక రూళ్ల నోటుపుస్తకం కంప్యూటరు పక్కన పెట్టి, వారం రోజుల పాటు ఇంట్లో ఎవరు కూర్చున్నా ఏం పని చేశారో, ఏ ప్రోగ్రాములో చేశారో ఒక ముక్క రాయమన్నాను. మా అమ్మాయి నవ్వింది గానీ రాసింది. వారం తిరిగి చూసుకుంటే నాలుగింట మూడు వంతుల పని బ్రౌజరులోనే జరుగుతోంది: బ్యాంకు, మెయిలు, ఆదాయపు పన్ను రిటర్ను, పింఛను స్లిప్పు, యూట్యూబు, వాట్సాప్. వాటికి కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందన్నది పట్టదు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లినక్స్‌లో అచ్చం అలాగే ఉంటాయి. బ్రౌజరు బయట మిగిలినవి అయిదే: మా ఆవిడ లెక్కల ఎక్సెల్, అమ్మాయి కాలేజీ పరీక్షల ప్రోగ్రాము, ప్రింటరు, బావమరిది చెరువుల లెక్క, నా తెలుగు ప్రశ్నపత్రాలు. నా భయమంతా ఈ అయిదింటిలోనే ఉందని తెలిశాక సగం బరువు దిగింది. మారాలా వద్దా అని తేలని వారికి ఈ నోటుపుస్తకం పని గట్టిగా సిఫారసు చేస్తాను.

లినక్స్ అనేది నిజానికి ఒక కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం పేరు. 1991లో ఫిన్లాండుకు చెందిన లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. దాని చుట్టూ రకరకాల వారు రకరకాల సామగ్రి చేర్చి తయారుచేసినవే ఉబుంటు, ఫెడోరా, మింట్ వంటివి. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఆ కోవలోదే. నేను మింట్‌ను ఎంచుకోవడానికి కారణాలు రెండు. ఒకటి, దాని సిన్నమన్ డెస్క్‌టాప్ చూడగానే విండోస్ 7 రోజులు గుర్తొస్తాయి: ఎడమ చివర మెనూ, కుడి చివర గడియారం, మధ్యలో తెరిచిన ప్రోగ్రాములు. మా ఆవిడకు నేను ఏమీ నేర్పనవసరం లేకపోయింది. రెండు, 22 వరుస ఉబుంటు 24.04 పునాది మీద కట్టింది కాబట్టి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ధర లేదు, ఇష్టమైతే విరాళం ఇవ్వవచ్చు. ప్రతి విడుదలకూ ఒక ఆడపిల్ల పేరు పెడతారు, 22.2 పేరు జారా. పాత కంప్యూటర్లకు గూగుల్ ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా ఆలోచించాను గానీ అది మొత్తం గూగుల్ ఖాతా చుట్టూ తిరిగే వ్యవహారం. నాకు కావలసింది అది కాదు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారన్న విషయం, సాటి ఉపాధ్యాయుడిగా, నాకు బాగా ధైర్యమిచ్చింది.

మింట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం, కొనకముందే చీరను భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు, ఎక్కించకముందే వాడి చూడగలగడం. దాదాపు మూడు జీబీల ఫైలును దించుకుని, విండోస్‌లోనే రూఫస్ అనే చిన్న ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటరును ఆ పెన్‌డ్రైవ్ నుంచి తెరిస్తే చాలు. హార్డ్ డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయదు. మా పెట్టెకు ఎఫ్12 మీట నొక్కాలి. కంపెనీ బొమ్మ కనిపించే ఆ రెండు సెకన్లలోనే నొక్కాలని తెలియక మూడుసార్లు విండోస్‌లోకే వెళ్లిపోయాను. నాలుగోసారి ముదురు రంగు తెర మీద ఆకు గుర్తు కనిపించింది.

ఆ మొదటి సాయంత్రమే రెండు విషయాలు తెలిశాయి. మేం వాడుతున్న చిన్న వైఫై డాంగిల్ వెలగలేదు. ఇంటర్నెట్ లేనిదే దాని డ్రైవరు దొరకదు, డ్రైవరు లేనిదే ఇంటర్నెట్ రాదు. మా అమ్మాయి తన ఫోనును ఛార్జింగు తీగతో కంప్యూటరుకు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కింది. ఆ క్షణంలోనే నెట్ వచ్చింది. ఈ కిటుకు తెలిసి ఉంటే చాలామంది మొదటి రోజే వెనక్కి తగ్గరు. తర్వాత నేను డాంగిల్‌తో కుస్తీ పట్టడం మానేసి రౌటరు నుంచి పన్నెండు మీటర్ల కేబులు లాగించాను.

రెండోది గడియారం. మరునాడు పొద్దున పదకొండున్నరకు విండోస్ తెరిచిన మా ఆవిడ, "ఏమండీ, ఇందులో ఇంకా ఆరే అయింది, ఏం కెలికారు?" అని వంటింటి దాకా వినిపించేలా అడిగింది. మదర్‌బోర్డు మీద ఉండే గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా చదువుతుంది. లినక్స్ దాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా భావించి అలాగే దిద్దుతుంది. మన దేశానికి ఆ రెంటి మధ్య తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. రెండూ ఒకే పెట్టెలో ఉంచుకునేవారు లినక్స్‌లో ఒక్క వరుస ఆజ్ఞ ఇచ్చి, మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంలోనే ఉంచమని చెప్పాలి. చెప్పాక మళ్లీ ఆ సమస్య రాలేదు. ఇది ఎవరి తప్పూ కాదు, రెండు ఇళ్ల ఆచారాలు వేరు, అంతే. అయినా ఆ రోజు నా మీద మా ఇంట్లో నమ్మకం కొంత తగ్గిందని ఒప్పుకోవాలి.

అక్టోబరు ఆఖరులో మొంథా తుపాను వానలకు ఇల్లు కదలలేని రెండు రోజులూ తీరిక చాలా దొరికింది గానీ, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేళ డిస్కు మీద చేయి వేయడం తగదని ఊరుకున్నాను. నవంబరు రెండో వారంలో 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, వేగమైన డిస్కు) ఒకటి 1,700 రూపాయలకు కొన్నాను. పాత హార్డ్ డిస్కులోని విండోస్‌ను అసలు ముట్టుకోకూడదు, మింట్ కొత్త డిస్కులో వేరుగా ఉండాలి అన్నది నా నిర్ణయం. ఒకే డిస్కును రెండు వాటాలు చేసి రెంటినీ పెట్టవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఎక్కించేటప్పుడు ఒక్క వాటాను పొరపాటున ఎంచుకుంటే ఎనిమిదేళ్ల ఫొటోలు పోతాయి. అందుకని పాత డిస్కు కేబులు ఊడదీసి పక్కన పెట్టి, పెట్టెలో కొత్త డిస్కు ఒక్కటే ఉండగా మింట్ ఎక్కించాను. లేని డిస్కును ఎవరూ చెరపలేరు. పని మొత్తం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అందులో మన ఊరేదో అడిగితే పటంలో నొక్కడం, పాటలు వీడియోలు ఆడించడానికి పనికొచ్చే కోడెక్‌లు కావాలా అంటే టిక్కు పెట్టడం తప్ప ఆలోచించవలసిందేమీ లేదు. తర్వాత పాత కేబులు మళ్లీ తగిలించాను. ఇప్పుడు మామూలుగా తెరిస్తే మింట్, ఎఫ్12 నొక్కి ఎంచుకుంటే విండోస్.

వేగం గురించి నిజాయితీగా చెప్పాలి. పాత డిస్కులో విండోస్ తెరుచుకుని చేతికి రావడానికి మూడు నిమిషాలు పైనే పట్టేది. మింట్ అరనిమిషం లోపే సిద్ధమవుతోంది. దాన్ని చూసి లినక్స్ మహిమ అని చెప్పుకునేవారున్నారు. నా లెక్కలో అందులో పెద్ద వాటా ఎస్ఎస్‌డీది. అదే 1,700 పెట్టి విండోస్‌నే ఎస్ఎస్‌డీ మీదికి మార్చుకున్నా తేడా బాగా తెలుస్తుంది. మింట్ సొంత గుణం వేరే చోట కనబడుతుంది: ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఉన్నప్పుడు అది ఒక జీబీ పైచిలుకు ర్యామ్‌తో సరిపెట్టుకుంటోంది, మన పని మధ్యలో రీస్టార్టు చేస్తానని బెదిరించదు, అప్‌డేట్లు ఎప్పుడు వేయాలో మనమే చెబుతాం. టైమ్‌షిఫ్ట్ అనే పనిముట్టు దానితోనే వస్తుంది. సిస్టమ్ ఇవాళ ఉన్న స్థితిని ఫొటో తీసినట్టు దాచి, రేపు ఏదైనా చెడితే వెనక్కి తెచ్చి పెడుతుంది. నేను ఒకసారి అనవసరంగా ఏదో తీసేసి తెర ఖాళీ చేసుకున్నప్పుడు అదే ఆదుకుంది.

ఇక ఆ అయిదు పనుల సంగతి. మా ఆవిడ లెక్కలు, మింట్‌తోనే వచ్చే లిబ్రెఆఫీస్‌లోని ఎక్సెల్ లాంటి ప్రోగ్రాము క్యాల్క్‌లో మొదటి రోజే తెరుచుకున్నాయి. కూడికలు, నెలవారీ షీట్లు, రంగులు అన్నీ సరిగానే ఉన్నాయి. ఆమె అభ్యంతరం ఒక్కటే: లక్షా యాభై వేలు అన్నది 150,000 అని కనిపిస్తోంది, మన పద్ధతిలో 1,50,000 అని లేదు. "ఇది మన డబ్బులా లేదు" అంది. ఎక్కించేటప్పుడు నేను అమెరికా ఇంగ్లీషు ఎంచుకోవడం వల్ల వచ్చిన తంటా అది. భాషా సెట్టింగులో ఇంగ్లీషు (ఇండియా) అని మార్చి, గడులకు లక్షల కామా ఉన్న రూపం ఇచ్చాక ఆమె ఇంకేమీ అనలేదు. అమ్మాయి కాలేజీ వారి పరీక్షల ప్రోగ్రాము మాత్రం కెమెరాతో కాపలా కాసే రకం. విండోస్ తప్ప మరొకటి ఒప్పుకోదు. నెలకు ఒకటి రెండుసార్లు ఆమె ఎఫ్12 నొక్కి అటు వెళ్లి రాసి వస్తుంది. దీనికి మన చేతిలో చేయగలిగింది లేదు.

ప్రింటరు దగ్గర నేను ఓడిపోయాను. ఏ కంపెనీదో చెప్పను; పాత లేజరు ప్రింటరు, విండోస్‌లో పదేళ్లుగా దోషం లేకుండా పనిచేస్తోంది. మింట్‌లో రెండు సాయంత్రాలు కూర్చున్నా అయిదు కాగితాలు తీసి ఆరోదాని దగ్గర బిగుసుకుపోయేది. ఈమధ్య వచ్చే నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు డ్రైవరు లేకుండానే లినక్స్‌కు పలుకుతాయి, హెచ్‌పీ వారివాటికైతే ఆ కంపెనీయే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. పాతకాలపు, కంపెనీకే సొంతమైన భాష మాట్లాడే లేజరు ప్రింటరు ఇంట్లో ఉంటే మాత్రం, మారే ముందు పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరిచి ఒక పేజీ కాదు, పది పేజీలు ప్రింటు తీసి చూడండి. నేను ఒక్క పేజీ తీసి సంబరపడ్డాను.

అందువల్ల తొందరగా కావలసిన కాగితాలకు పీడీఎఫ్ చేసి, వీధి చివరి జిరాక్సు దుకాణానికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తున్నాను. ఆ దుకాణాల కంప్యూటర్లలో తిరిగే షార్ట్‌కట్ వైరస్ ఎరుగని ఇల్లు మన ఊళ్లలో లేదు: పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫైళ్లన్నీ మాయమై, వాటి పేర్లతో బాణం గుర్తున్న బొమ్మలు మిగులుతాయి. ఏడ్చి, మొత్తం ఫార్మాట్ చేసుకున్నవారు ఎందరో. డిసెంబరులో నా పెన్‌డ్రైవ్ అలాగే తిరిగొచ్చింది. మింట్‌లో పెట్టి చూస్తే, ఆ బాణం ఫైళ్లు ఏ పనీ చేతకాక ఊరికే పడి ఉన్నాయి; విండోస్‌లో కనబడకుండా దాచిన ఫోల్డరు ఇక్కడ పట్టపగలులా కనబడుతోంది. అందులోంచి నా పీడీఎఫ్‌లు తీసుకుని, చెత్తను చేత్తో చెరిపేశాను. రెండు నెలల్లో మా బావమరిదిని మెప్పించిన సంగతి ఇదొక్కటే.

అతని చెరువుల లెక్క వేరే కథ. ఏ చెరువుకు ఏ రోజు ఎన్ని కిలోల మేత వేశారు, పట్టుబడి ఎంత, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత అన్నవి నింపితే మిగతాదంతా అదే చేసేలా ఎవరో తయారుచేసి ఇచ్చిన ఎక్సెల్ ఫైలు అది. క్యాల్క్‌లో లెక్కలు వచ్చాయి: 1,800 కిలోల మేతకు 1,200 కిలోల రొయ్య అని ఇస్తే మేత నిష్పత్తి 1.5 అని సరిగానే చూపింది. కానీ 'బిల్లు' అని రాసి ఉన్న బొత్తాం నొక్కితే ఏమీ జరగలేదు. ఆ బొత్తాం వెనక ఉన్నది ఎక్సెల్ మ్యాక్రో, అంటే ఫైలు లోపలే రాసి పెట్టిన చిన్న ప్రోగ్రాము. మైక్రోసాఫ్ట్ మ్యాక్రోలు లిబ్రెఆఫీస్‌లో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. "చూశావా బావా, నేను చెప్పలా" అన్నాడు. వ్యాపారం లెక్కలు మ్యాక్రోల మీదో, ట్యాలీ లాంటి ఖాతాల ప్రోగ్రాము మీదో నడిచే ఇంట్లో విండోస్‌ను పూర్తిగా తీసేయమని నేను చెప్పను.

ఇక తెలుగు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం అదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కొత్తగా రాసే తెలుగుకు, అంటే యూనికోడ్ తెలుగుకు, మింట్‌లో ఏ లోటూ లేదు. పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీగా, 'తెలుగు విజయం' పేరుతో సురవరం, రామభద్ర, గిడుగు, మల్లన్న వంటివన్నీ మరో ప్యాకేజీగా, ఒక్క నొక్కుతో దిగుతాయి. టైపు చేయడానికి ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో రాసే ఆర్‌టీఎస్ ఉంది, మా వంటి డీటీపీ (కంప్యూటరులో పేజీలు కూర్చే పని) కాలపు వేళ్ల కోసం ఆపిల్ అమరిక కూడా ఉంది. నేను ఆశ్చర్యపోయింది ఆ చివరిదాన్ని చూసే. భాషల టైపింగు చూసే ఐబస్ ప్రోగ్రాములో దాన్ని ఎంచుకుని కళ్లు మూసుకుని 'సమద్విబాహు త్రిభుజం' కొట్టి చూశాను; ఒక్క అక్షరమే తప్పొచ్చింది. మెనూలన్నీ తెలుగులోనే పెట్టుకోవచ్చు గానీ అనువాదం అక్కడక్కడా ఆగిపోయి, ఒకే మెనూలో సగం తెలుగు సగం ఇంగ్లీషు కనిపిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు పూనుకుని ఇంతవరకు తెచ్చారు; మిగతాది చేసే చేతులు కావాలి. నేను ప్రస్తుతానికి ఇంగ్లీషు మెనూలతోనే ఉన్నాను.

చిక్కు అంతా పాత తెలుగుతో. 2004 నుంచి పదేళ్లకు పైగా నేను తయారుచేసిన ప్రశ్నపత్రాలు, బిట్టు పేపర్లు, పదో తరగతి పిల్లలకు రాసిచ్చిన నోట్సు, అన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లోనో వర్డ్‌లోనో, మన డీటీపీ సెంటర్లన్నిటిలో వాడే పాత పద్ధతి ఫాంట్లతో ఉన్నాయి. యూనికోడ్‌లో 'క'కు ఒక సొంత సంఖ్య ఉంటుంది. ఏ కంప్యూటరులో తెరిచినా అది 'క'యే. ఆ పాత ఫాంట్లలో అలా కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గడుల్లో తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరోచోట ముక్కలుగా పెట్టి, వాటిని పేర్చి తెలుగులా కనిపించేలా చేశారు. ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని చోట వేషం ఊడిపోతుంది. 2009 నాటి అర్ధవార్షిక పరీక్షల పత్రాన్ని మింట్‌లో తెరిచినప్పుడు, మొదటి వరుసలో 'సెక్షన్ ఎ' ఉండవలసిన చోట డాలరు గుర్తు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఒక చిన్న అక్షరం, రెండు కొటేషన్ గుర్తులు, ఆపైన ఫ్రెంచి వాళ్లు తప్ప వాడని అక్షరమేదో వరుసగా నిలబడి ఉన్నాయి. అంకెలు మాత్రం మారలేదు. గణితం పేపరు కాబట్టి, తెలుగు చదవలేకపోయినా ప్రశ్న ఏమిటో నేను పోల్చుకోగలిగాను.

ఫాంటు ఫైళ్లను పాత డిస్కు నుంచి తెచ్చి మింట్‌లో పెడితే కొన్ని వర్డ్ ఫైళ్లు మళ్లీ తెలుగులో కనిపించాయి. చదవడానికి సరే, దిద్దడానికి ఆ ఫాంట్లతో పనిచేసే కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌కు మాత్రమే ఉంది. పేజ్‌మేకర్ సంగతి ఇంకా కష్టం. దాని ఆఖరి కూర్పు 7.0 వచ్చింది 2001లో. పాతికేళ్ల కిందటే ఎదుగుదల ఆగిపోయిన ప్రోగ్రాము మీద మన ఊరి శుభలేఖలూ కరపత్రాలూ ఇవాళ్టికీ నడుస్తున్నాయన్నది తలచుకుంటే నా ఊగిసలాట నాకే చిన్నదిగా కనిపించింది.

కాబట్టి మిగిలిన దారి, వాటిని యూనికోడ్‌లోకి మార్చడం. అందుకు ఉచితంగా దొరికే కన్వర్టర్లు ఉన్నాయి. పాత పాఠ్యాన్ని అతికిస్తే క్షణంలో యూనికోడ్ తెలుగు ఇస్తాయి. ఇచ్చినదాన్ని వరుస వరుసా చదవకుండా నమ్మితే నవ్వులపాలవుతాం. నేను పాత తరం అలవాటు కొద్దీ 'ర్' ఉన్న చోటల్లా వలపలగిలక (ర్‌కు బదులు రాసే పాత గుర్తు) వాడేవాణ్ణి. అది పలకడంలో ముందొచ్చినా రాతలో తర్వాతి అక్షరం దాటాక కుడిపక్కన కూర్చుంటుంది. కన్వర్టరు రాసిన వరుసలోనే చదువుతుంది కాబట్టి నా 'చతుర్భుజం' కాస్తా 'చతుభుర్జం' అయింది, 'వర్గమూలం' 'వగర్మూలం' అయింది, 'అర్ధవ్యాసం' అయితే వేదాలకు దగ్గరగా వెళ్లి 'అధర్వ్యాసం' అయి కూర్చుంది. ఒక పత్రానికి ఇలాంటివి ముప్పై నలభై. పట్టిక రాసుకుని, లిబ్రెఆఫీస్‌లో వెతికి మార్చే పద్ధతితో చాలావరకు దిద్దుతున్నాను. భిన్నాలు, కరణీ గుర్తులు మాత్రం మళ్లీ చేత్తో వేయాలి. పత్రానికి సగటున ఇరవై నిమిషాలు పడుతోంది.

ఈ పని మొదలుపెట్టాకే నాకు ఒక సంగతి అర్థమైంది. మింట్‌కు మారకపోయినా ఈ ఫైళ్లకు ఈ గతి తప్పేది కాదు. రేపు కొత్త విండోస్ కంప్యూటరు కొన్నా, ఆ పాత ఫాంట్లూ ఆ పాత ప్రోగ్రామూ దానిలో ఎక్కకపోతే నేను చూసేది అదే డాలరు గుర్తునూ, అదే టోపీ అక్షరాన్నీ. ఆరు వారాలు నేను ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూసి భయపడుతున్నాననుకున్నాను గానీ, నిజానికి భయపడింది నా ఫైళ్లను తెరిచి చూసుకోవడానికి.

ఎవరైనా అడిగితే నా మాట ఇది. బ్రౌజరు, ఉత్తరాలు, మామూలు లెక్కలు, యూనికోడ్ తెలుగు, పాటలు, సినిమాలు వరకే పని ఉన్న ఇంటికి, ఏడో తరం లేదా అంతకు పాత ప్రాసెసరు ఉన్న కంప్యూటరుకు, మింట్ నిశ్చింతగా ఎక్కించుకోదగినది. నాలుగు జీబీల ర్యామ్ ఉన్నా నడుస్తుంది, ఎనిమిది ఉంటే హాయిగా నడుస్తుంది. డీటీపీ సెంటరు నడిపేవారు, మ్యాక్రోల మీద ఆధారపడేవారు, విండోస్ తప్ప ఒప్పుకోని పరీక్షలు రాసే పిల్లలున్నవారు రెండు డిస్కుల పద్ధతి పాటించాలి. ప్రింటరు ఏదన్నది ముందే చూసుకోవాలి. అయిదుకు ఎంత అంటే, ఆపరేటింగ్ సిస్టమ్‌కు నాలుగున్నర. నా ఇంటికి అమరిన తీరుకు మూడున్నర.

మా పాత డిస్కు ఇంకా పెట్టెలోనే ఉంది. మొత్తం 218 పత్రాల్లో సంక్రాంతి నాటికి 64 దిద్దాను. మిగతా 154 పత్రాలకు, రోజుకు ఒకటి చొప్పున, ఆదివారాలు మినహాయిస్తే ఆరు నెలలు. 2026 అక్టోబరు 13 తర్వాత ఆ విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వను. అమ్మాయి పరీక్షలకు వేరే ఏర్పాటు చూడాలి. బావమరిది మాత్రం తన బిల్లు బొత్తాం కోసం ఆ డిస్కును తనకు ఇచ్చేయమని ఇప్పటికే రెండుసార్లు అడిగాడు.